డాడీ దగ్గరికి చేపలు పట్టడానికి

మా మేనకోడలికి వాళ్ల నాన్న చనిపోయాడని రెండేళ్లదాకా ఎవరం చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి మేం పడ్డ తిప్పలన్నీ తలచుకుంటే, చెప్పేయడమే సులువుగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నోరు తెరవాలంటే మా ఇంట్లో ఒక్కరికీ ప్రాణం ఒప్పలేదు.

నేను కోరుట్లలో ఉంటాను. జగిత్యాల వైపు ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తాను. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం ఆయన పని. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ నా దగ్గరే ఉంటుంది కానీ ఉన్నట్టు కాదు. పొద్దున్నే ఆటో ఎక్కి పక్క మండలం ఇబ్రహీంపట్నం దగ్గరి మా పసుపు చేనుకు పోతుంది, చీకటి పడేలోపు తిరిగొస్తుంది. కూర్చోవే అంటే నా మీదే లేస్తుంది. నా కోపం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఒక్కడే తమ్ముడు. ఒమాన్‌లో టైల్స్ పని చేసేవాడు. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు, వీణ్ని కూడా అట్లాగే అన్నారు. వాడికి శుక్రవారం సెలవు. ఆ రోజు రూములో వాళ్లంతా కలిసి సముద్రం ఒడ్డుకు పోయి, రాళ్ల మీద కూర్చొని చేపలు పట్టేవాళ్లు. కర్రలేం ఉండవు. ఖాళీ నీళ్ల సీసాకు తంగూసు దారం చుట్టి, కొనకు గాలం ముల్లు కట్టి విసరడమే. మోకాటి లోతు కాలువ తప్ప నీళ్లు ఎరగని మనిషి, సముద్రం దగ్గర మాత్రం అక్కడే పుట్టినట్టు మాట్లాడేవాడు. ప్రతి శుక్రవారం బిడ్డకు వీడియో కాల్ చేసి బకెట్లో కొట్టుకుంటున్న చేపను చూపించేవాడు. ఈసారి లీవు మీద వచ్చినప్పుడు మనందరం బీచ్‌కు పోదాం, నీకు గాలం వేయడం నేర్పిస్తా అని మాటిచ్చాడు. పిల్లకు అప్పుడు నాలుగేళ్లు.

అట్లాంటి ఒక శుక్రవారమే వాడు పోయాడు. పెద్ద అల వచ్చి రాళ్ల మీది నుంచి లాక్కుపోయింది. పక్కనే కూర్చున్న రుద్రంగి ఊరి అబ్బాయి కళ్లారా చూశాడు. పడవలు తిప్పి వెతికారు కానీ మనిషి దొరకలేదు. ఆ అబ్బాయి తర్వాత లీవు మీద వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. తాడు విసిరితే అందలేదని అంటూ, తన చేతులు తనే చూసుకుంటూ కూర్చున్నాడు. అవ్వ వాణ్ని ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి పంపింది.

మా మండలానికి గల్ఫ్ నుంచి పెట్టెలు రావడం కొత్త కాదు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సులో పెట్టె వస్తుంది, ఊరంతా పోగవుతుంది, మేకులు ఊడదీసి మొఖం చూపిస్తారు. అట్లాంటి ఇళ్లకు అవ్వ పరామర్శకు పోయి వచ్చి గోడకు చేరగిలబడి కూర్చునేది. "గా తల్లికి పెట్టెనన్న అచ్చింది" అనేది. కొడుకు శవం కోసం ఇంకో తల్లిని చూసి కుళ్లుకునే రోజు ఎవరికైనా వస్తుందా? మా అవ్వకు వచ్చింది.

కర్మకాండ కూడా జరగలేదు. వేములవాడలో అడిగితే, శవం దొరకనప్పుడు మోదుగ ఆకులతో మనిషి ఆకారం చేసి దహనం చేయవచ్చని ఒక అయ్యగారు చెప్పాడు. అవ్వ కొంగు దులుపుకొని లేచింది. నా కొడుకు ఆకులా అని ఒకే మాట అడిగి, మెట్లు దిగి బస్సెక్కింది. కాబట్టి మా ఇంటి లెక్కలో వాడు చనిపోనూ లేదు, బతికీ లేడు. మా మరదలు, అంటే వాడి భార్య, బొట్టు పెట్టుకుంటే పక్కింటివాళ్లు వింతగా చూసేవాళ్లు, పెట్టుకోకుంటే మా అవ్వ చూసేది. ఆ చూపులు పడలేక పిల్లను తీసుకొని సిరిసిల్లలో తల్లిగారింటికి పోయింది. బట్టలు కుట్టే కంపెనీలో పనికి చేరింది.

పిల్లకు మొదటి అబద్ధం చెప్పింది అవ్వే. డాడీ ఫోన్ ఎందుకు చేస్తలేడని అడిగితే, సముద్రం కాడ చేపలు పడుతుండు బిడ్డా, అక్కడ సిగ్నల్ లేదు అంది. ఆ పూటకు గండం గడిస్తే చాలనుకుంది పాపం. కానీ పిల్లలు దేన్నీ ఆ పూటకు వదిలేయరు కదా.

రెండో అబద్ధం ఎవరూ కావాలని చెప్పింది కాదు. తమ్ముడు బతికున్నప్పుడు పంపిన వాయిస్ మెసేజ్‌లు మరదలి ఫోన్లో ఉన్నాయి. ఒకరోజు కంపెనీ నుంచి వచ్చి, తలుపు వేసుకొని, అవి వింటూ ఏడుస్తోంది. పిల్ల తలుపు తోసుకొని వచ్చింది. "డాడీ!" అని ఫోన్ మీద పడి, డాడీ ఫోన్ చేసిండని ఇల్లంతా ఎగిరింది. ఆ మొఖం చూసి కాదని చెప్పలేకపోయానని మరదలు తర్వాత నాతో అంది. ఆ రోజు నుంచి రెండు మూడు రోజులకొకటి వినిపించడం మొదలుపెట్టింది. పిల్ల వినేది, తిరిగి జవాబు మాట్లాడేది. మరదలు ఆ జవాబును తమ్ముడి నంబరుకే పంపేది. ఒక్క టిక్కు పడేది. అంతే, అక్కడే ఆగిపోయేది.

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక ఆదివారం సిరిసిల్లకు పోయాను. వాళ్ల వీధిలో మరమగ్గాల చప్పుడుకు మన మాట మనకే వినపడదు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వీధి మొత్తం గమ్మున అయింది. నేను వంటింట్లో నీళ్లు తాగుతున్నాను. పక్క గదిలోంచి మా తమ్ముడు మాట్లాడాడు. "తిన్నవా బిడ్డా? అన్నం మొత్తం తిన్నవా, పారవోసినవా?" గ్లాసు కింద పడింది. "మొత్తం తిన్న డాడీ" అని పిల్ల గొంతు వినపడింది.

నేను ఊరుకునే రకం కాదు. మరదల్ని పెరట్లోకి లాక్కుపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. బుద్ధి ఉందా, పిచ్చి లేసిందా, చచ్చిన మనిషితో పిల్లకు మాటలు చెప్పిస్తావా, రేపు తెలిస్తే దానికేమవుతుంది అని కడిగి పారేశాను. ఆమె తల ఎత్తలేదు. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"ఇప్పుడు చెప్తే అది నా మొఖం చూస్తదా వదినె? గిన్నొద్దులు నువ్వే మోసం చేసినవ్ అంటది. ఆయన పోయిండు, అది గూడ నాకు కాకుంట పోతది."

నా కోపం అక్కడే చల్లారిపోయింది. ఏం చెప్పమంటారు? ఎప్పుడో ఒకప్పుడు చెప్పక తప్పదు. చెప్పినరోజు తల్లి మీద ఆ పిల్ల నమ్మకం ఏమవుతుందో ఎవరికీ తెలియదు. లోపలికి వస్తే పిల్ల నా నడుం పట్టుకొని, అత్తమ్మా బీచ్‌కు ఎప్పుడు పోదాం, డాడీ అక్కడే ఉన్నడు కదా అంది. ఇంతసేపు తల్లిని తిట్టిన నోటితోనే నేను ఎండాకాలం సెలవుల్లో పోదాం అన్నాను. మూడో అబద్ధం నాది.

ఇక అక్కడి నుంచి ఆ ప్రయాణం ఎటు తిరిగినా మా ముందే ఉండేది. పిల్ల అడిగిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి, దాన్ని ఊరుకోబెట్టడానికి ఇంకో వస్తువు కొనేవాళ్లం. పసుపు ఉడకబెట్టడం అయిపోనీ అని టోపీ కొన్నాం. వడ్లు కాంటా అయి అమ్ముడుపోనీ అని చిన్న ప్లాస్టిక్ బకెట్ కొన్నాం. మా ఆయన గాలం ముళ్లు, సీసం గుండ్లు, తంగూసు ఉండ తెచ్చాడు. షాపులో మోటార్ల మధ్య కూర్చొని, తీగ చుట్టే చేత్తోనే నీళ్ల సీసాలకు తంగూసు చుట్టాడు. వరుస వరుసకు ఒత్తుగా ఎంత బాగా చుట్టాడంటే, చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎందుకు ఇంత శ్రద్ధగా చేస్తున్నావు, పోయేదుందా పాడుందా అని కసిరాను. ఆయన ఇంకో సీసా తీసుకున్నాడు.

ఎండాకాలం సెలవులకు పిల్ల కోరుట్ల వచ్చింది. మరదలు కూడా సెలవు పెట్టి వచ్చింది. ఆరేళ్లు నిండిన పిల్ల, అరిందాలాగా మా అందరికీ పనులు పురమాయించింది. డాబా మీద నీళ్ల తొట్టి పెట్టించి, సీసా గాలం విసరడం నేర్చుకుంది. ముల్లు తీసేసి గుండు ఒక్కటే ఉంచాడు మా ఆయన. గుండు తొట్టిలో పడితే చప్పట్లు కొట్టేది, పడకపోతే డాడీ అట్ల కాదు గిట్ల అన్నడు అని మళ్లీ విసిరేది. అవ్వను ఎర్రలు తవ్వి తెమ్మంది. అవ్వ నిజంగానే పసుపు చేను గట్టు తవ్వి, తడిమట్టి పోసిన డబ్బాలో వానపాములు తెచ్చింది. అవి చచ్చిపోతే మళ్లీ తెచ్చింది.

పోయే సంచీ సర్దాలని పట్టుబట్టిన రోజు పిల్ల ఒక పెద్ద తువ్వాల తెచ్చి ఇచ్చింది. ఎవరికే అన్నాను. డాడీకి అంది. "నీళ్లల్లనే ఉంటడు గదా అత్తమ్మా. తుడుసుకోవాలె గదా." ఆ తువ్వాలను సంచీలో పెట్టిన చెయ్యి నాదే. ఆ తర్వాత పిల్ల అవ్వను డాడీ అంగీ అడిగింది. అవ్వ బీరువాలోంచి తమ్ముడి గళ్ల చొక్కా తీసి, ఇస్త్రీ చేయించుకొచ్చి, మడిచి ఇచ్చింది. అవ్వ పిల్ల కోసం చేస్తుందా, కొడుకు కోసం చేస్తుందా అని నేను ఆమె మొఖంలోకి చూశాను. నాకు తేలలేదు, భయం వేసింది.

ఇంకా ఎక్కువ భయపెట్టింది పిల్ల ఫోన్ మాటలు. మంచం మీద బోర్లా పడుకొని ఫోన్ చెవికి పెట్టుకొని, "ఊ... ఊ... మరి బాపమ్మ?" అని అవ్వ గురించి అడిగేది. కాసేపు ఆగేది. ఆ ఆగడం సరిగ్గా అవతలి మనిషి మాట్లాడేటంతసేపు ఉండేది. "సరే డాడీ, తెస్త" అని పెట్టేసేది. ఒకసారి వెనక నుంచి వెళ్లి చూశాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి స్క్రీన్ నల్లగా ఉంది. ఏం తెమ్మన్నాడే అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. మామిడికాయ తొక్కు తెమ్మన్నాడట. వాడికి ప్రాణం ఆ తొక్కంటే. పిల్లకు ఎవరో చెప్పే ఉంటారు, అవ్వ చెప్పి ఉంటుంది అనుకున్నాను. అవ్వను అడిగి రూఢి చేసుకోలేదు. చెప్పలేదంటే నేనేం కావాలి?

అప్పుడే ఆ టిక్కుల సంగతి జరిగింది. మిట్టమధ్యాహ్నం, భోజనాలయ్యాక. పిల్ల, తల్లి ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టింది. డాడీ, మేం వస్తున్నం, నువ్వు ఏ రాయి మీద ఉంటవ్ అని అడిగింది. పెట్టి డాబా మీదికి పరుగెత్తింది. కొంచెం సేపయ్యాక మరదలు నా దగ్గరికి వచ్చింది. ఫోన్ నా ముందుకు చాపింది. రెండేళ్లుగా ఒక్క టిక్కు పడ్డచోట రెండు టిక్కులున్నాయి. మేం చూస్తుండగానే అవి నీలంగా మారాయి.

అంటే అవతల ఎవరో విన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. అవ్వ నేల మీద కూలబడి, బతికే ఉన్నడే, నా కొడుకు ఎక్కన్నో ఉన్నడే అని రొమ్ము బాదుకుంది. మా ఆయన షాపు మూసి వచ్చాడు. మరదలు అద్దం ముందుకు పోయి జుట్టు సవరించుకుంది. పిల్లలకు భూమి గుండ్రంగా ఉందని చెప్పే నేను కూడా ఏమేమో అల్లుకున్నాను. ఏ ఇరాన్ పడవవాడో ఎత్తుకొని ఉంటాడు, తలకు దెబ్బ తగిలి ఎవరో తెలియక ఎక్కడో జైల్లో ఉండి ఉంటాడు అనుకున్నాను. మనిషికి ఆశ పుడితే చదువు ఏ మూలకు పోతుందో అప్పుడు తెలిసింది.

కొద్దిసేపటికి ఆ నంబరు పక్కన ఫోటో వచ్చింది. మోటారు సైకిల్ మీద కూర్చున్న ఎవరో కుర్రాడు. తర్వాత హిందీలో వాయిస్ మెసేజ్ వచ్చింది. తనకు కంపెనీ వాళ్లు ఈ మధ్యే ఈ సిమ్ము ఇచ్చారట. వాట్సాప్ పెట్టుకోగానే ఒక చిన్నపాప మెసేజ్‌లు వరసగా వచ్చాయి, భాష తెలియదు కానీ డాడీ అన్న మాట ఒక్కటి అర్థమవుతోంది అన్నాడు. తనకూ ఊళ్లో అంత బిడ్డ ఉందట. ఈ పాప డాడీ ఎక్కడున్నాడు దీదీ అని అడిగాడు. మంచివాడి లాగానే ఉన్నాడు. మేమెవరం జవాబు పెట్టలేదు. మరదలు ఫోన్ బోర్లించి మంచం మీద పెట్టి, దాని నుంచి దూరంగా జరిగి కూర్చుంది.

ఇంతలో పిల్ల దిగివచ్చి ఫోన్ తీసి చూసింది. నీలం టిక్కులు అంటే ఏమిటో దానికి మాకంటే బాగా తెలుసు. డాడీ విన్నడు అని సంతోషంగా చెప్పి, గాలం సీసా తీసుకొని మళ్లీ డాబా ఎక్కింది.

మర్నాడు అవ్వ చేనుకు పోలేదు. అది మా ఇంట్లో పెద్ద వార్తే. గడపలో కూర్చొని, నన్నూ మరదల్నీ పిలిచింది.

"వాన్ని ఎవ్వలు పిలువలే" అంది. "దింపుడు కళ్లం కాడ పిలిస్తరు గదా. నా కొడుకును ఎవ్వలు పిలువలే. గందుకే గిట్ల తిరుగుతుండు."

మా వైపు శవాన్ని కాటికి తీసుకుపోయేటప్పుడు సగం దారిలో పాడెను కిందికి దింపుతారు. అదే దింపుడు కళ్లం. అయినవాళ్లు చెవి దగ్గర వంగి, చనిపోయిన మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని ఆశ. మూడుసార్లు పిలిచినా పలకకపోతే అప్పుడు ఇక లేడని ఒప్పుకొని పాడె ఎత్తుతారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు అక్కడిదాకా పోయి వెనక్కి తిరుగుతారు. మా నాన్నను పిలిచినప్పుడు నేనున్నాను. మూడో పిలుపు తర్వాత ఎవరూ ఏడవకుండా ఒక్క క్షణం చెవులు రిక్కిస్తారే, ఆ క్షణం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

అవ్వ సముద్రానికి పోదామంది. అబద్ధంగా కాదు, నిజంగానే. మూడుసార్లు పిలుస్తుందట. పలకకపోతే కర్మ చేయిస్తుందట, కోడలు ఏ బతుకు బతికినా అడ్డం రాదట. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకేమో అడ్డం మాట్లాడే బుద్ధి పుట్టనే పుట్టింది. వాడు పోయింది అటు సముద్రం, మనకు దగ్గర ఉన్నది ఇటు సముద్రం, బాపట్ల దగ్గర నిలబడి పిలిస్తే ఏం లాభం అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"గవన్ని బడిల పిలగాండ్లకు చెప్పుకో. ఉప్పునీళ్లేనా కాదా, గది చెప్పు."

ఉప్పునీళ్లే అన్నాను. అయితే సర్దుమంది.

నేను ఒక్క షరతు పెట్టాను. బయలుదేరేలోపు పిల్లకు నిజం చెప్పాలి, లేకపోతే నేను రాను అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. తల్లి చెప్పాలని నేను, మేనత్త పెద్దది కాబట్టి నేనే చెప్పాలని మరదలు, మగమనిషి చెప్తే బాగుంటుందని అవ్వ. మా ఆయన తల గోక్కున్నాడు. కరీంనగర్ బస్టాండులో చెబుదామనుకున్నాం, పిల్ల ఐస్‌క్రీం తింటోంది. వరంగల్ ప్లాట్‌ఫారం మీద చెబుదామనుకున్నాం, రైలు వచ్చింది. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ ఎక్కడికమ్మా అని అడిగితే, డాడీ దగ్గరికి చేపలు పట్టడానికి అని పిల్ల జవాబిచ్చింది. అదృష్టవంతురాలివి తల్లీ అంది ఆవిడ. మేం నలుగురం కిటికీలోంచి బయటికి చూశాం.

బాపట్లలో దిగి ఆటోలో ఒడ్డుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కలేదు. మాలో ఎవరం సముద్రాన్ని అంతకుముందు చూసినవాళ్లం కాదు. ఇసుక మీద రెండడుగులు వేసి మరదలు ఆగిపోయింది. వదినె, గదే సప్పుడు అంది. శుక్రవారం ఫోన్లలో వాడి మాటల వెనక వినపడ్డ హోరు అది. నాకూ గుర్తొచ్చింది. తమ్ముడు ఏం చెప్పాడో వినపడక, జర ఇవతలికి వచ్చి మాట్లాడరా అని విసుక్కునేదాన్ని.

పిల్ల మాత్రం అటూ ఇటూ చూసి మొఖం చిన్నబుచ్చుకుంది. రాళ్లు ఎక్కడ అత్తమ్మా, డాడీ రాళ్ల మీద కదా ఉండేది అని అడిగింది. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. మా ఆయన దాని దృష్టి మళ్లించడానికి సీసా విప్పి, ముల్లుకు ఎర్రను గుచ్చి, అలల్లోకి విసిరాడు. తంగూసును దాని చూపుడువేలు మీద ఆనించి, చేప తగిలితే గుంజినట్టయితది అని చెప్పాడు. అది ఊపిరి బిగబట్టి నిలబడింది.

మేం ముగ్గురం కొంచెం దూరంగా నీళ్లల్లోకి దిగాం. అవ్వకు ఒక పక్క నేను, ఒక పక్క మరదలు. చెవిలో పిలవాలి కదా, సముద్రానికి చెవి ఎక్కడుంటుంది? అవ్వ నడుం వంచి, మొఖం నీళ్లకు ఆనేంత దగ్గరికి తెచ్చి, తమ్ముణ్ని చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచింది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఒకసారి పిలిచింది. అల వచ్చి ఆమె మొఖం తడిపింది. రెండోసారి పిలిచింది. మూడోసారి గొంతు పెంచి పిలిచింది.

దేవుడి మీద ఒట్టు, నేను చూశాను. మరదలూ చూసింది. వాడు లేస్తాడని, ఏ అలలోంచో తల కనబడుతుందని ముగ్గురం కళ్లు చించుకొని చూశాం. నీళ్లే ఉన్నాయి.

మూడుసార్లు అయిపోయింది. ఇక వెనక్కి తిరగాలి. అవ్వ తిరగలేదు. నాలుగోసారి పిలిచింది. ఐదోసారి పిలిచింది. ఇంకో రెండడుగులు లోపలికి వేసింది. చాలవ్వా అని నేను రెక్క పట్టుకుంటే విదిలించింది. పసుపు తవ్విన చెయ్యి అది, నా వల్ల ఎక్కడవుతుంది? మా ఆయన గాలం వదిలేసి పరుగెత్తుకొచ్చి అటు పక్క పట్టుకున్నాడు. అవ్వ మా ఇద్దర్నీ గుంజుకుంటూ, పిలుస్తూ, నడుం లోతుకు పోయింది. అల వచ్చినప్పుడల్లా పిలుపు సగంలో తెగి, మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

వెనక నుంచి పిల్ల నవ్వు వినపడింది. బాపమ్మ డాడీని పిలుస్తుందని అనుకుంటూ పరుగెత్తుకొచ్చి, అలల అంచులో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని అది కూడా పిలవడం మొదలుపెట్టింది. డాడీ, మేం వచ్చినం, డాడీ అని.

మరదలు నీళ్లల్లోంచి ఒడ్డుకు పోయింది. తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చొని, పిల్ల చేతులు రెండూ నోటి మీది నుంచి తీసి పట్టుకుంది. గాలికి కొన్ని మాటలే నా దాకా వచ్చినా ప్రతి మాటా విన్నట్టే ఉంది నాకు.

"డాడీ సచ్చిపోయిండు బిడ్డా. ఎప్పుడో సచ్చిపోయిండు. ఇగ రాడు."

పిల్ల తల్లి మొఖంలోకి చూసింది. ఏడవలేదు.

"మరి నాతోని మాట్లాడేది ఎవలు?"

"గవి పాతయి. నేనే ఇనవెట్టిన."

పిల్ల తన చేతులు వెనక్కి గుంజుకుంది. మరదలు మళ్లీ పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయింది. ఆ చేతులు అట్లాగే గాల్లో ఉండిపోయాయి. పిల్ల తల్లి పక్క నుంచి దాటి నీళ్లల్లోకి వచ్చింది. మోకాళ్లదాకా, తొడలదాకా వచ్చింది. నేను అవ్వను వదిలేసి దాన్ని పట్టుకున్నాను. అది నన్ను చూడలేదు. చెయ్యి చాపి నీళ్ల మీద తేలుతున్న అవ్వ కొంగు పట్టుకొని లాగింది. అవ్వ అప్పటికీ పిలుస్తూనే ఉంది.

"బాపమ్మా, ఇగ పిలువకు" అంది. "డాడీ సచ్చిపోయిండట."

అవ్వ నోరు తెరిచి ఉంది, పేరు సగంలో ఉంది. పిల్ల వైపు తిరిగి చూసింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"అమ్మ."

అవ్వ పిలవడం ఆపింది. పిల్ల ఆమె కొంగు వదలకుండా ఒడ్డుకు తీసుకొచ్చింది.